వరాలు పంపిన ఓడ

గుడివాడ బస్సులో డ్రైవరు సీటు పక్కన కూర్చుని వచ్చిన ప్రూఫుల కట్ట బుధవారం సాయంత్రం విల్సన్ చంకలో ఇల్లు చేరింది. బందరు డిపోలో కంట్రోలరు ఉద్యోగం వల్ల అతనికి ఒరిగిందేమైనా ఉంటే అది ఇదే. పెళ్ళాం నవలలు పోస్టాఫీసు గడప తొక్కకుండానే అటూ ఇటూ తిరుగుతుంటాయి.

"ఇదిగో టీచరుగారూ, మీ శనిగ్రహం వచ్చింది. కవుతరం దగ్గర దీనిమీద కోడిగుడ్ల బుట్ట పడిందట. గ్రహానికేం కాలేదు, గుడ్లే పోయాయి."

ఎలీసబెతు నవ్వుతూ కట్ట అందుకుంది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి అప్పుడే వచ్చింది. వేళ్ళకి సుద్దపొడి ఇంకా అలాగే ఉంది. పురికొస విప్పి, ప్రూఫులు టేబుల్ మీద పరిచి, చెక్క స్కేలు తీసుకుంది. స్కేలుని లైను కింద పెట్టి ఒక్కొక్క లైనే కిందికి జరుపుతూ చదవడం ఆమె పద్ధతి. అలా చెయ్యకపోతే కన్ను తప్పుల్ని వదిలేసి కథలోకి జారిపోతుంది. తన కథే అయినా అంతే.

విల్సన్ గుమ్మంలో పీట వేసుకుని దొండకాయలు చక్రాలుగా తరుగుతున్నాడు.

"నాదొక డౌటు," అన్నాడు. "నీ ఆరు నవలల్లోనూ ఆడవాళ్ళు ఓడలు నడుపుతారు, యంత్రాలు బాగుచేస్తారు, చంద్రుడి మీద బావులు తవ్వుతారు. ఒక్కతీ కూర తరగదు."

"తరగడానికి మీరున్నారుగా."

"సైన్స్ ఫిక్షనంటే రాబోయే కాలం అనుకున్నాను. మన వంటింట్లోంచే కొట్టేస్తున్నావన్నమాట!"

ముందొకసారి అంతా పైపైన తిరగేస్తూ ఆమె ఆఖరి ప్రకరణానికి వచ్చింది. స్కేలు చివరి కాగితం మీద ఆగిపోయింది.

ఆ నవల పేరు ‘ఏడో పోటు’. కృష్ణ లంకలన్నీ ఉప్పుపట్టి, తాగడానికి గుక్కెడు మంచినీళ్ళు లేని రోజుల్లో, వరాలు అనే నడిమి వయసు ఆడమనిషి శనిగ్రహపు ఉపగ్రహం మీదున్న మంచుని వెతుక్కుంటూ ఓడ వేసుకుని పోతుంది. మంచు దొరుకుతుంది. దాన్ని కరిగించే పంపు ఆగకూడదంటే ఎవరో ఒకరు అక్కడే ఉండిపోవాలి. వరాలు ఉండిపోతుంది. ఓడ నిండా నీళ్ళు నింపి, దాని దారి అది వెతుక్కునేట్టు యంత్రాలు సవరించి, మనిషెవరూ లేని ఖాళీ ఓడని ఇంటికి పంపుతుంది. ఇదీ ఎలీసబెతు రాసిన ముగింపు. కానీ పెద్ద రచయిత ఎవరిదో కొత్త సీరియల్ మొదలుపెట్టాలని వీక్లీవాళ్ళు ఆరు వారాల ముందే దీన్ని ఆపేశారు. ఆపి ఊరుకోలేదు. ఎడిటరుగారు స్వయంగా పూనుకుని ఒక ముగింపు రాసి, దానికింద ఎలీసబెతు పేరే వేశాడు. అందులో కమాండర్ అజయ్ అనే ఒకాయన వెనకాలే వెళ్ళి వరాల్ని వెతికి పట్టుకుంటాడు. ఆవిడ ఏడుస్తుంది. ఇద్దరూ తిరిగొస్తారు, బందరు తీరంలో పెళ్ళి జరుగుతుంది. "పెళ్ళి భలే రాశారు మేడమ్!" అని తొమ్మిదో తరగతి పిల్ల చెప్పేదాకా ఆమెకి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు ఆ పెళ్ళే ప్రూఫులో ఉంది. దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ మీద ప్రెస్సు యజమాని నాగేశ్వరరావు రాత.

"మేడమ్ గారికి, చివరి ప్రకరణం వీక్లీలో వచ్చినట్టే వేస్తున్నాము. పాఠకాదరణ దానికే ఉంది. తప్పులు దిద్ది సోమవారానికి పంపగలరు. మార్పులు కుదరవు. వద్దనుకుంటే తెలియజేయండి, పేర్చిన టైపంతా విప్పించేస్తాను."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అంతకుముందు అయిదు నవలలూ వీక్లీల్లో వచ్చాయి. వారం తిరిగేసరికి పకోడీ పొట్లాలయ్యాయి. పుస్తకంగా వస్తున్నది ఇదొక్కటే. వద్దంటే పుస్తకం లేదు. సరే అంటే, తను రాయని పెళ్ళి తన పేరుమీద కలకాలం ఉండిపోతుంది.

విల్సన్ చెయ్యి తుడుచుకుని వచ్చి చీటీ చదివాడు. ఈసారి వేళాకోళం చెయ్యలేదు.

"ఏం చేద్దామనుకుంటున్నావు?"

"ముందు మిగతా తప్పులు దిద్దుతాను. పదకొండో వారంలో ఒక పేరా మొత్తం ఎగిరిపోయింది. నా దగ్గరున్న ఆ వారం సంచిక ఎవరో తీసుకెళ్ళి ఇవ్వలేదు. భూషణం గారిని అడగాలి," అంది. ఏడుపు రాకుండా ఉండటానికి ఏదో ఒక పని చెప్పుకుంది, అంతే.

*

రాబర్ట్‌సన్‌పేటలో భూషణం అద్దె లైబ్రరీ ఒక మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయేంత ఉంటుంది. వీక్లీల్లో వచ్చే సీరియళ్ళని వారం వారం బ్లేడుతో కోసి, దాచిపెట్టి, అయిపోగానే దారంతో కుట్టి అట్టవేసి అద్దెకివ్వడం అతని అలవాటు. పెద్ద పుస్తకాలకంటే వాటికే గిరాకీ. మైదా జిగురు వాసనలోంచి అతను గురువారం సాయంత్రం ఎలీసబెతుకి ఒక లావుపాటి పుస్తకం తీసిచ్చాడు. మీద పెన్నుతో ‘ఏడో పోటు’ అని రాసుంది.

"మీదేనండీ. కూర్చుని చూసుకోండి. కావాలంటే పట్టుకెళ్ళండి, శనివారానికి మాత్రం ఇచ్చెయ్యండి. దీనికోసం ముగ్గురు కాచుకుని ఉన్నారు."

"ముగ్గురా?"

"మీకు తెలీదేంటండీ? దీన్ని రెండుసార్లు తిరిగి కుట్టాను. ముట్టుకుంటే చాలు ఊడిపోతోంది."

అంచులు నలిగి ఉన్నాయి. పేజీల మీద నూనె మరకలు, అక్కడక్కడ ఎండి అతుక్కున్న చేప పొలుసులు. ఆమె పదకొండో వారం వెతికి, ఎగిరిపోయిన పేరా రాసుకుంది. తర్వాత, పంటినొప్పిని నాలుకతో తడుముకున్నట్టు, చివరికి తిప్పింది. ఎడిటరుగారు రాసిన పెళ్ళి మొదటి పేజీ మీద నీలం ఇంకుతో అడ్డంగా రాసి ఉంది.

"ఇది చదవొద్దు. వెనకాల చదవండి."

వెనకాల అయిదు రూళ్ళ కాగితాలు. మిగతా పుస్తకంతో కలిపి దారంతో కుట్టేశారు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. వాటిలో వరాలు తనే నీళ్ళ ఓడ నడుపుకుంటూ ఇంటికొస్తుంది. ఒడ్డున తల్లి ఉంటుంది. "ఇంత చిక్కిపోయావేమే" అంటుంది తల్లి. వరాలు నాలుగు రోజులుండి, ఓడకి మరమ్మతు చేసుకుని, మళ్ళీ బయల్దేరుతుంది. కమాండర్ అజయ్ ఊసే లేదు.

ఎలీసబెతు ఆ అయిదు కాగితాలూ నిలబడే రెండుసార్లు చదివింది.

"ఎవరండీ రాసింది?"

భూషణం తలగోక్కున్నాడు. "గిలకలదిండి నుంచి దుర్గాదేవి అని ఒకమ్మాయి వస్తుందండీ. టెన్త్ దాకా చదివింది. చేపల దగ్గర పనిచేస్తుంది, అక్కడి ఆడవాళ్ళకి చదివి వినిపిస్తుందట. ముగింపు నచ్చలేదని వచ్చి నామీద కేకలేసింది. నేనేమన్నా రాశానా చెప్పండి! పైవారం ఈ కాగితాలు పట్టుకొచ్చి, కుట్టమంది. కుట్టకపోతే ఊరుకునేట్టు లేదు. ఇప్పుడు అందరూ వెనకాల కాగితాలున్నాయా అని చూసుకుని మరీ తీసుకెళ్తున్నారండీ." అతను కాస్త జంకాడు. "మీకు కోపం రాలేదు కదా?"

"లేదండీ," అంది. రాలేదు కూడా. ఎవరో తెలియని మనిషి తన తరపున దెబ్బలాటకి వెళ్ళినట్టనిపించి, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

*

శనివారం, స్కూలుకి సెలవు. ఆరు వారాల అసలు ముగింపు కార్బన్ కాపీని సంచిలో పెట్టుకుని, రిక్షా మాట్లాడుకుని గిలకలదిండి వెళ్ళింది. దారి పొడుగునా ఆమెకి ఒకటే ఆలోచన. వాళ్ళకి తన ముగింపు వినిపించాలి. ఎడిటరు మింగేసిన ఆ ఖాళీ ఓడ తను రాసినవాటన్నిట్లోకీ గొప్ప సన్నివేశమని ఆమె నమ్మకం. వాళ్ళు మెచ్చుకుంటే, సోమవారం నాగేశ్వరరావు మొహం మీదే చెప్పెయ్యొచ్చు.

పాత వలలు పరిచి, వాటిమీద వేలెడంత నెత్తళ్ళ చేపలు ఎండబోశారు. అయిదారుగురు ఆడవాళ్ళు ఒంగుని వాటిని చేత్తో చెదరగొడుతూ, చిన్న పీతల్నీ చెత్తనీ ఏరి పారేస్తున్నారు. పాతికేళ్ళ మనిషి ఒకతె నడుం పట్టుకుని లేచింది.

"దుర్గాదేవి అంటే..."

"నేనేనండి. ఎవరు కావాలండి?"

"నేను ఎలీసబెతుని. ‘ఏడో పోటు’ రాశాను."

దుర్గాదేవి ఎంగిలి చేసి దొరికిపోయినదానిలా చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆవిడ వెనక నుంచి ఒక పెద్దావిడ, నుదుట చెమట మోచేత్తో తుడుచుకుంటూ వచ్చింది.

"మీరేనా రాసింది? అయితే మీకు చెప్పాల్సిందే. అంత దూరం ఒంటిచేత్తో ఓడ తోలుకుపోయిన మనిషి, ఆడెవడో రాగానే ఏడుత్తదా అండి? సిగ్గుగా లేదూ?"

"అత్తా!" అంది దుర్గాదేవి.

"ఊరుకోవే. ఇంత ఇష్టంగా విన్నాం, అడగొద్దా?"

"అది నేను రాయలేదండీ," అంది ఎలీసబెతు. జరిగింది చెప్పింది. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. పెద్దావిడ పేరు గంగాదేవి. ఆవిడ అంతా విని, ఎడిటరుగారి వంశాన్ని నాలుగు మాటల్లో తిట్టి, తాటాకు చాప తెచ్చి వేసింది.

"అయితే అసలుది చదవండి. మా చేతులు మా పని చేసుకుంటాయి, చెవులు ఖాళీయే."

ఎలీసబెతు తను రాసింది ఎప్పుడూ పైకి చదవలేదు.  ‘కక్ష్య’ వచ్చినప్పుడు ఆగి, తరగతిలోలా వివరించబోయింది. "తెలుసండి, చుట్టూ తిరిగే దారి. పోనివ్వండి," అన్నారు. ఆ తర్వాత ఆమె ఆగలేదు. పంపు మొరాయించినచోట ఒకావిడ "అబ్బ" అంది. వరాలు ఉండిపోవాలని నిశ్చయించుకున్నచోట కూడా నెత్తళ్ళ మీద చేతులు కదులుతూనే ఉన్నాయి. చివరి పేజీలో, తెల్లారేసరికి, ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి ఉండగా, నీళ్ళు నింపుకున్న ఓడ పొగమంచులోంచి దిగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. లోపల ఎవరూ ఉండరు.

చదవడం ఆపి తలెత్తింది. చేతులన్నీ ఆగిపోయి ఉన్నాయి. వాళ్ళ మనసు కరిగిందనుకుని ఒక్క క్షణం సంబరపడింది. గంగాదేవి లేచి, ఎవరివంకా చూడకుండా, చివరి వల దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చుంది.

"ఏమైందమ్మా?"

దుర్గాదేవి గొంతు తగ్గించింది. "ఖాళీ పడవ ఒడ్డుకొచ్చిందంటే మాకు ఒకటే అర్థమండి. తొంభైలో తుఫానుకి మా మావయ్య పడవ అట్టాగే వచ్చింది. ఇంజను బాగానే ఉంది, వల బాగానే ఉంది. మనిషి లేడు."

ఎలీసబెతు శనిగ్రహం ఎంత దూరమో, ఓడ ఎన్నాళ్ళకి చేరుతుందో అన్నీ లెక్కకట్టి రాసింది. ఆ నవల ఆమెకి మూడేళ్ళ పని. ఇక్కడికి మూడు మైళ్ళ దూరంలో కూర్చునే రాసింది. ఈ ఒడ్డున అది ఎవరికి ఎలా కనబడుతుందో ఒక్కసారీ తట్టలేదు. ఎడిటరు మీది కోపమంతా ఎటు పోయిందో పోయింది. తనమీద తనకే సిగ్గేసింది.

లేచి గంగాదేవి దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది. తనూ నెత్తళ్ళలోంచి పీతలు ఏరసాగింది. గంగాదేవే ముందు మాట్లాడింది.

"చచ్చిపోలేదుగా వరాలు?"

"లేదండీ. బతికే ఉంది. అక్కడ పని ఉంది కాబట్టి ఉండిపోయింది."

"ఉండిపోతే ఉండిపోనివ్వండి. ఇష్టమైనచోట ఉంటది, తప్పేముంది? ఈ దుర్గ వెనక్కి తెచ్చి మళ్ళీ పంపింది, దానిష్టం అది. మీ ఇష్టం మీది. ఓడని మటుకు ఒంటిగా పంపకండి. తోలుకురావడానికి ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషి దిగి చెప్తే గానీ ఒడ్డునున్నోళ్ళకి ఎట్టా తెలుసుద్ది?"

ఎలీసబెతు చేతిలో పీత అలాగే ఉండిపోయింది. అంత పెద్ద నవలలో ఈ చిన్న ముక్క తనకెందుకు తోచలేదు?

"నువ్వు రాసిన ముగింపే వేయిద్దామని కూడా అనుకున్నానమ్మా, నీ పేరు పెట్టి," అంది బయల్దేరేటప్పుడు దుర్గాదేవితో.

"వద్దండి," అంది దుర్గాదేవి తడుముకోకుండా. "అది మా పుస్తకానికి. మీ పుస్తకానికి మీరే రాయండి. నచ్చకపోతే మళ్ళీ మేం చూసుకుంటాం."

అందరూ నవ్వారు. గంగాదేవి ఎండు నెత్తళ్ళు న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి సంచిలో పడేసింది. కార్బన్ కాపీకి ఆ వాసన పట్టి మళ్ళీ వదల్లేదు.

*

ఆదివారం చర్చి నుంచి రాగానే రాయడానికి కూర్చుంది. పదిహేనో వారంలో రెండు పేజీల్లో కనబడి తప్పిపోయిన మెకానిక్ పిల్ల ఒకతె ఉంది, కాంతం అని. ఆ పిల్లని వెతికి తెచ్చి ఓడెక్కించింది. ఓడ నడపడం వరాలు దగ్గర కాంతం నేర్చుకుంటుంది. తిట్లు తింటూ నేర్చుకుంటుంది. అది రాస్తుంటే ఎలీసబెతుకి తనలో తనకే నవ్వొచ్చింది. విల్సన్ నెత్తళ్ళు వేయించి, అన్నం పళ్ళెం తెచ్చి కాగితాల పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. పొద్దు వాలేసరికి పన్నెండు పేజీలయ్యాయి.

సోమవారం సెలవు పెట్టి పొద్దున పాసింజరెక్కింది. పెడనలో అద్దకం బట్టల మూటలెక్కాయి, గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలెక్కారు. గుడివాడలో దిగి ప్రెస్సుకి నడిచింది. నాగేశ్వరరావు కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. మంచి మర్యాదస్తుడు.

"మీరెందుకమ్మా శ్రమపడ్డారు? బస్సులో పంపితే సరిపోయేదిగా."

"ఈ ముగింపు వెయ్యడానికి నేను ఒప్పుకోనండీ. కొత్తది రాసి తెచ్చాను. ఇది వేస్తే వెయ్యండి. లేదంటే పుస్తకమే వద్దు."

ఇంట్లో పదిసార్లు చెప్పుకుని వచ్చిన మాట. అనేశాక కొత్త కాగితాలు సంచిలోంచి తీసి పట్టుకుంది.

నాగేశ్వరరావు నొచ్చుకున్నాడు. "అట్లా అంటే ఎట్లా అమ్మా? ఆ పెళ్ళికి ఎన్ని ఉత్తరాలు వచ్చాయో ఎడిటరుగారు నాకు చూపించారు."

"ఉత్తరాలు రాయనివాళ్ళు కూడా చదువుతారండీ."

"సరే, ఇటివ్వండి," అని కాగితాలు తీసుకున్నాడు. వద్దనడానికి ఏదో ఒక వంక దొరక్కపోదని చదువుతున్నాడని చూస్తేనే తెలుస్తోంది. మొదటి రెండు పేజీలూ నిలబడే చదివాడు. మూడో పేజీకి కుర్చీ లాక్కున్నాడు. టీ వచ్చింది, చల్లారింది. ఎలీసబెతు గోడ మీద క్యాలెండరు వంక చూస్తూ కూర్చుంది. ఆయన పన్నెండో పేజీ చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అక్కడేం లేదు.

"తర్వాత పేజీ ఏదమ్మా?"

"అదే ఆఖరుదండీ."

ఆయన కాగితాలు సర్ది పక్కన పెట్టాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "సత్యవతమ్మగారూ! శనిగ్రహం ఆఖరి ఫారం విప్పెయ్యండి. మళ్ళీ కంపోజింగు." ఎలీసబెతు వైపు తిరిగి, "పుస్తకం రెండు వారాలు ఆలస్యమవుతుంది. నన్ననకండి," అన్నాడు.

లోపల సత్యవతమ్మ, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, అక్షరాల గళ్ళున్న పెద్ద చెక్క కేసు ముందు నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ అక్కడే నిలబడి అక్షరాలు పేరుస్తోంది. ఎడిటరుగారి పెళ్ళికి కట్టిన తాడు విప్పి, గుప్పెడు గుప్పెడుగా ఎడమచేతిలోకి తీసుకుని, ఒక్కో సీసపు అక్షరాన్నీ దాని గదిలో పడెయ్యడం మొదలుపెట్టింది. కమాండర్ అజయ్ నాలుగు గదుల్లోకి నాలుగు ముక్కలై పోయాడు. ఎలీసబెతు కన్నార్పకుండా చూసింది.

"నాకైతే పెళ్ళే బాగుందండీ," అంది సత్యవతమ్మ నిష్ఠూరంగా. "కంపోజు చేస్తూ రెండుసార్లు చదువుకున్నాను."

ఎలీసబెతు పకపకా నవ్వేసింది. "మీరు కూడా మీ పుస్తకంలో కుట్టుకోండి!" అంది. సత్యవతమ్మకి ఆ మాట అర్థం కాలేదు. కొత్త కాగితాలు కేసుకి ఆనించి పెట్టుకుని, అక్షరాలు పేర్చే స్టిక్కు చేతిలోకి తీసుకుంది. వేళ్ళు వాటంతటవే గదుల్లోకి వెళ్ళొస్తున్నాయి, కళ్ళు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. మధ్యాహ్నం దాటింది. ఎలీసబెతు స్టూలు మీద కూర్చుని, ఆరిన ప్రూఫులు అక్కడికక్కడే దిద్దింది. చివరి పేజీ దగ్గర సత్యవతమ్మ చెయ్యి ఆగింది. కాంతం ఓడ దిగి ఒడ్డున వరాలు తల్లి ఎదురుగా నిలబడినచోట నవల అయిపోతుంది.

"అయితే వరాలు రాదాండీ?"

"రాదండీ."

"మరి వాళ్ళమ్మకి ఏం కబురు పంపింది? ఈ పిల్ల దిగింది, నిలబడింది. నోరు విప్పదేం?"

ఎలీసబెతు తెల్లబోయింది. మనిషిని పెట్టింది గానీ ఆ మనిషి చేతికి కబురివ్వడం మర్చిపోయింది. సత్యవతమ్మ దగ్గర పెన్సిలు అడిగి తీసుకుంది. పెద్ద పెద్ద మాటలు చాలా తోచాయి. నీళ్ళ గురించి, ఆకాశం గురించి. అవేవీ రాయలేదు. అందరి ఇళ్ళల్లో అందరూ రాసుకునే ఉత్తరం ముక్కే చివరి లైనుగా రాసి ఇచ్చింది.

"అమ్మా, నేనిక్కడ క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను."

సత్యవతమ్మ చదువుకుంది. కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకోసారి చదువుకుంది. పెళ్ళి సంగతి మళ్ళీ ఎత్తలేదు. కేసులోకి ఒంగి, ఒక గదిలో వేలుపెట్టి వెతికింది.

"మీ పుస్తకంతో మా ‘క్ష’లన్నీ అయిపోయాయండీ. నక్షత్రాలంటారు, అంతరిక్షాలంటారు. ఇంక రెండే మిగిలాయి."

"రెండు చాలండీ," అంది ఎలీసబెతు.